'ఆయన', 'వాడు': రెండూ 'హీ'యే
(డిండోలి, సూరత్‌లో తెలుగు విద్యార్థులతో చేసిన ప్రసంగ పాఠం)

మా నాన్న కరీంనగర్ నుంచి వచ్చి ఇక్కడ పవర్‌లూమ్ మీద పనిచేశారు. నేను కార్పొరేషన్ తెలుగు మీడియం బడిలో చదివాను.

ఇంగ్లీషు నాకు తర్జుమాతో వచ్చింది. రోజుకు పది వాక్యాలు. ఒకరోజు 'ఆయన వచ్చారు', 'వాడు వచ్చాడు' అని రాసుకున్నాను. మొదటిది సేఠ్, రెండోది మా నాన్న. ఇంగ్లీషులో రెండూ 'హీ కేమ్' అయ్యాయి. తప్పు రాశానేమోనని మళ్లీ చూశాను. నాన్నను 'అరే' అని తప్ప పిలవని మనిషి, నాన్న ఒకే మాటలో ఇమిడిపోయారు.

అలాగని ఇంగ్లీషుకు కులం అంటదనుకోకండి. ఒక ఇంటర్వ్యూలో నా పరిశోధన వదిలేసి, నేను 'ద' ఎక్కడ మింగేశానో చెప్పి నవ్వారు. 'ఎ', 'ద' లాంటివి తెలుగులో లేవు, గుజరాతీలోనూ లేవు. మన చెవికి అవి ఆనవు. అందుకే బిగ్గరగా చదవండి. కొత్త మాటకు అర్థం రాసి ఊరుకోకండి, దానితో మన బస్తీ గురించి ఒక వాక్యం రాయండి. 'లూమ్' అంటే మగ్గమని మనకు పుట్టుకతో తెలుసు. ముంచుకురావడం అనే అర్థమూ ఉందని నాకు ఎం.ఏ.లో తెలిసింది!

సావిత్రీబాయి ఫూలే ఇంగ్లీషును తల్లి అన్నారు. నాకు మాత్రం చాలాకాలం సవతి తల్లే.

ఆదివారం నోటుబుక్కులతో రండి. నా పాత తప్పులన్నీ దాచాను, ముందు అవే దిద్దుదాం.