సెలైను సూది - చేతి నరముల వాపు
(పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగము)



రోడ్లు, మంచినీరు, వీధి దీపములు - వీనిని గూర్చి మీరు ప్రతి సమావేశమునందును చర్చింతురు. నేడు నేను చెప్పబోవునది చూచుటకు చిన్న విషయము. అశ్రద్ధ చేసినచో ఆసుపత్రిలోనున్న మన గ్రామస్థుని ప్రాణము మీదికి రాగల విషయము. నేను వైద్యుడను గాను. వైద్యులు చెప్పు మాటలను మీ చెంతకు చేర్చుట నా విధి.

రోగి ముంజేతికి సూది గ్రుచ్చి, సన్నని ప్లాస్టిక్ గొట్టమును లోపల నిలిపి, దాని ద్వారా సెలైనును, మందులను ఎక్కింతురు. ఈ గొట్టమును కాన్యులా అందురు. ఇది రక్తమును గుండెకు చేర్చు సిరలో నుండును. వాడుకలో మనము సిరనే నరమనుచున్నాము. గొట్టము సిర గోడను ఒరయుటచే గాని, ఘాటైన మందులు లోపలి పొరను బాధించుటచే గాని, చేతుల అపరిశుభ్రత వలన క్రిములు చేరుటచే గాని సిర వాచును. మొదట నొప్పి, పిదప ఎరుపు, వేడి, వాపు కనిపించును. ముదిరినచో సిర త్రాడువలె గట్టిపడును. చీము, చలిజ్వరము వచ్చినచో క్రిములు రక్తమున చేరినవేమోయని అనుమానింపవలెను. అది ప్రాణాపాయకరము.

దీనికి చికిత్స యేమని మీరడుగవచ్చును. మొదటి చికిత్స ఆ గొట్టమును తీసివేయుటయే. సూది చోట నొప్పి కలుగగానే నర్సుకు చెప్పవలెను. ఆమె సెలైను ఆపి, గొట్టము తీసి, ఇంకను అవసరమున్నచో రెండవ చేతికి క్రొత్తది అమర్చును. బంధువులు తామే లాగివేయరాదు. పిమ్మట చేతిని దిండుపై ఎత్తుగా నుంచి, వేడినీట తడిపి పిండిన శుభ్రమైన గుడ్డతో, ఓర్చుకొనగల వేడిలో, 15, 20 నిమిషముల చొప్పున దినమునకు మూడు నాలుగు మారులు కాపడము పెట్టవలెను. అయితే కొన్ని మందులు సిర వెలుపలికి కారినపుడు వేడి హాని చేయును. కనుక నర్సు నడిగిన పిదపనే కాపడము పెట్టవలెను. నొప్పి మాత్రలు, పూత మందులు వైద్యుడు చెప్పినట్లే వాడవలెను. నూనెతో మర్దించుట, పసుపు, సున్నము పట్టువేయుట కూడదు. ఇంటికి వచ్చిన పిదప కూడ రెండు మూడు దినములు ఆ చేతిని గమనింపుడు. చేయి యంతయు వాచినను, జ్వరము వచ్చినను, ఆయాసము కలిగినను వెంటనే ఆసుపత్రికి పోవలెను.

సెలైను గొప్ప సాధనమే. 1832లో స్కాట్లండు దేశమున లీత్ పట్టణపు వైద్యుడు థామస్ లాటా కలరా రోగుల సిరలలోనికి ఉప్పునీటిని ఎక్కించి, మరణాసన్నులైన కొందరిని బ్రతికించెను. కాని నేడు కొంచెము నీరసమనగానే "ఒక సెలైను పెట్టుడు" అని మనవారే కోరుచున్నారు. 5 శాతపు గ్లూకోజు అర లీటరు సీసాలో నుండునది 25 గ్రాముల చక్కెర మాత్రమే. నోట త్రాగగల మనిషికి దాని కొరకు సిరను గ్రుచ్చనేల? 1971లో పశ్చిమ బెంగాలులోని బన్‌గావ్ శరణార్థి శిబిరమున సెలైను సీసాలు చాలనపుడు డాక్టరు దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు, సోడా కలిపిన నీటిని త్రాగించి అసంఖ్యాకులను కాపాడెను. నేటి ఓ.ఆర్.ఎస్. పొట్లము అట్టిదే. విరేచనములకు ముందుగా దానిని వాడుడు. త్రాగలేని వానిని, స్పృహ తప్పిన వానిని మాత్రము జాగు చేయక ఆసుపత్రికి చేర్పుడు.

సభ్యులారా! మీ మాటకు గ్రామమున విలువ కలదు. రాబోవు గ్రామసభలో ఆశా కార్యకర్తచే ఈ సంగతులు చెప్పింపుడు. అర్హత లేనివారు ఇండ్లలో సెలైను ఎక్కించుటను ప్రోత్సహింపకుడు. మీ ఆరోగ్య కేంద్రమున చేతులు కడుగుకొనుటకు నీరు, సబ్బు ఎల్లప్పుడు ఉన్నవో లేవో స్వయముగా చూడుడు. ఆసుపత్రిలో నున్న వారిని పలుకరింప పోయినపుడు సూది ఉన్న చేతిని కూడ ఒకమారు చూచి, "నొప్పి యున్నదా?" అని అడుగుడు. సకాలమున అడిగిన ఆ ఒక్క మాట ఒక కుటుంబమును కాపాడవచ్చును.