కుక్కపిల్లను తెచ్చేముందు



ఉగాదినాడు పంచాంగ శ్రవణం చేసి ఆదాయ వ్యయాలు తెలుసుకుంటాము. ఇంటికొక కొత్త ప్రాణిని తెచ్చేముందు దాని ఆదాయ వ్యయాలు కూడ విచారించుకోవడం మంచిది గదా! మన కడంబూరు పిల్లలు ఈమధ్య లాబ్రడార్ కుక్కపిల్ల కావాలని మారాం చేస్తున్నారు. అందుచేత ఈ నాలుగు మాటలు.

కుక్కలకు మన సీమ పెట్టింది పేరు. కన్ని, చిప్పిపారై జాతులు ఈ కోవిల్పట్టి ప్రాంతానివే. పడమటనున్న రాజపాళయం పేరుతోనే ఒక జాతి ఉన్నది; ఆ ఊరి రాజులు మన తెలుగువారే. 2005లో తపాలాశాఖ ఆ కుక్క బొమ్మతో బిళ్ల విడుదల చేసింది. ఇవి పలుచని బొచ్చుతో మన ఎండకు తట్టుకొనేవి. లాబ్రడార్ అలా కాదు. దాని పూర్వులు న్యూఫౌండ్లాండ్ చలిసముద్రంలో జాలరులకు తోడుగా ఉండినవి. దానికి రెండు పొరల బొచ్చు.

అట్టి ప్రాణిని మన నల్లరేగడి నేల వేసవిలో పెంచాలంటే నీడ, నీరు ఎల్లప్పుడూ ఉండాలి. షికారు తెల్లవారకముందు, పొద్దుగూకిన తరువాతనే. తారురోడ్డుమీద ముందు మన చేయి ఆనించి చూడాలి. మనము ఓర్వలేని వేడి దాని పాదమూ ఓర్వదు.

మూడవ నెల మొదలు ఆరేడు నెలలవరకు పాలపళ్లు ఊడి కొత్తవి వస్తవి. చెప్పులు, చాపలు కొరకడం పొగరు కాదు, చిగుళ్ల సలుపు. కొట్టి లాభం లేదు. చెప్పులు పైన దాచి, కొరుక్కునే బొమ్మ ఒకటి ఇవ్వాలి. నిద్ర లేవగానే, తినగానే బయటికి తీసుకుపోతే ఇల్లు పాడుచేయడం మానుతుంది. ఎప్పుడో చేసిన తప్పుకు ఇప్పుడు కసిరితే దానికి అర్థం కాదు.

ఇక తిండి. ఈ జాతికి ఆకలి ఎక్కువ. సుమారు నాలుగింట ఒక లాబ్రడార్‌లో, తిన్నా ఆకలి తీరనట్లు చేసే జన్యులోపం ఉన్నదని 2016లో కేంబ్రిడ్జి శాస్త్రజ్ఞులు తేల్చారు. కాబట్టి కొలిచి పెట్టాలి. మన కడంబూరు పోళీ ఎంత ప్రసిద్ధమైనదైనా దానికి తగదు. ద్రాక్ష, కిస్‌మిస్, చాక్లెట్, ఉల్లి విషతుల్యం. పండుగనాడు వచ్చినవారంతా తలా ఒక ముక్క పెట్టకుండ చూడాలి.

ఆరు లేక ఎనిమిది వారాల వయసునుండి పదహారు వారాలవరకు మూడు నాలుగు వారాలకొక టీకా వేయించాలి. మూడు నెలలు నిండగానే పిచ్చికుక్కవ్యాధి టీకా తప్పనిసరి. టీకాలు పూర్తికానిదే వీధికుక్కలతో కలవనీయరాదు. ఏ కుక్క కరిచినా గాయాన్ని సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి, వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి.

అన్నిటికంటె ముఖ్యమైన మాట ఒకటి. చేతిలో ఇమిడిన పిల్ల ఏడాది తిరిగేసరికి ముప్పై కిలోల కుక్క అవుతుంది. పది పన్నెండేళ్లు బ్రతుకుతుంది. మన పిల్లలో చదువులకు, ఉద్యోగాలకు చెన్నపట్నం, బెంగుళూరు, దేశాంతరాలు పోతారు. మిగిలేది అవ్వా తాతలు, గొలుసు లాగే కుక్క! వారు క్రిందపడితే ఎవరు లేపుతారు? విసిగి దానిని వీధిపాలు చేస్తే ఆ పాపం ఎవరిది?

కాబట్టి పిల్లను చూడబోయే ముందు ఇంటిల్లిపాదీ కూర్చొని, ఎవరు త్రిప్పుతారు, ఎవరు ఖర్చు భరిస్తారు, ఊరు మారితే ఎవరింట ఉంటుంది అని తేల్చుకుందాము. జవాబు దొరికితే తెచ్చుకుందాము; దొరకకుంటే పిల్లలకు నచ్చజెప్పుదాము. అదీ ప్రేమే.

అందరికీ నూతన సంవత్సర శుభాకాంక్షలు.