మాస్టారి సైకిలు లెక్క
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

తొమ్మిదో తరగతిలో లెక్కల మాస్టారు అడిగారు: ‘దగ్గరి దారిలో వెళ్తే తొందరగా చేరతామా?’ అందరం అవునన్నాం. ‘ఎదురుగాలిలో సైకిలు తొక్కి చూడండి’ అన్నారు.

శాన్‌ఫ్రాన్సిస్కోలో స్థిరపడ్డాక ఆ మాట మళ్లీ గుర్తొచ్చింది. ఢిల్లీ నుంచి అక్కడికి ఎయిరిండియా విమానం మొదట పడమటికి, అట్లాంటిక్ మీదుగా, ఎదురుగాలిలో వెళ్లేది. 2016 అక్టోబరులో తూర్పుకు, పసిఫిక్ మీదుగా మళ్లించారు. దూరం సుమారు 1,400 కిలోమీటర్లు పెరిగి 15,300 అయింది. అయినా గాలి వెనకనుంచి తోయడంతో పద్నాలుగున్నర గంటల్లో చేరింది. పాత దారికంటే దాదాపు రెండు గంటలు ముందే! అదే మాస్టారి సైకిలు లెక్క.

ఆ లెక్కకూ అందనిది ఒకటుంది. అమ్మకు బాగాలేదని ఫోను రాగానే బయలుదేరాను. టికెట్టు దొరికి, విమానాలు మారి, ఊరు చేరేసరికి రెండో రోజు సాయంత్రమైంది. కడసారి చూపు దక్కలేదు. ఏ గాలీ నన్ను ముందుగా చేర్చలేకపోయింది.

ఈరోజు మాస్టారు ముందు వరుసలో కూర్చున్నారు. ఈసారి ఫోను రాకముందే వచ్చాను మాస్టారూ! మిత్రులారా, మీరూ వచ్చే ఉత్సవం దాకా ఆగకండి. సెలవు.