ఇల్లు చక్కబెట్టుకొందము: వీలునామా, ట్రస్టు
(సంఘస్థుల కూటములో చేసిన ప్రసంగ పాఠము)



ఈ శతవార్షికోత్సవ వేళ మన పితరులు మనకు విడిచి వెళ్లిన గుడులను, బడులను, ఆసుపత్రులను తలచుకొని దేవుని స్తుతించుచున్నాము. మరి మనము మన పిల్లలకు విడిచిపోవు ఇంటిని, పొలమును, బ్యాంకులోని కొద్దిపాటి సొమ్మును ఏ రీతిగా అప్పగించుచున్నాము? ఈ మాట ఎత్తినంతనే అపశకునమని కొందరు నోరు మూయింతురు. అయితే మరణకరమైన రోగములోనున్న హిజ్కియాకు ప్రవక్త తెచ్చిన వర్తమానములో ఇల్లు చక్కబెట్టుకొనుమన్న మాట ఉన్నది. సిలువ మీద నుండి మన ప్రభువు తన తల్లిని ఒక శిష్యునికి అప్పగించెను. కనుక ఇది విశ్వాసులకు తగిన పనియే.

వీలునామా లేకుండ క్రైస్తవుడు మరణించినయెడల 1925 నాటి భారత వారసత్వ చట్టము వర్తించును. భార్యాపిల్లలున్న యెడల భార్యకు మూడింట ఒక వంతు, మిగిలిన రెండు వంతులు పిల్లలందరికి సమానముగా చెందును. కొడుకని ఎక్కువ లేదు, కూతురని తక్కువ లేదు. సెలోపెహాదు కుమార్తెలు మోషే ఎదుట నిలిచి అడుగవలసి వచ్చినది మన కుమార్తెలకు అడుగకయే దొరకుచున్నది. కాని చట్టము తలలను లెక్కించును, అవసరములను లెక్కించదు. అందుకే వీలునామా కావలెను.

దానికి స్టాంపు కాగితము అక్కరలేదు. రిజిస్టరు చేయుట మంచిదే గాని తప్పనిసరి కాదు. ఇద్దరు సాక్షుల సంతకములు మాత్రము తప్పక ఉండవలెను. ఇందులో మన క్రైస్తవులు మరువకూడని సంగతులు రెండున్నవి. ఒకటి, వీలునామాలో ఆస్తి పొందువారు గాని, వారి భార్య లేక భర్త గాని సాక్షిగా సంతకము చేసినయెడల వారికి వ్రాసినది చెల్లదు. రెండు, వీలునామా వ్రాసినవారు ఆ తరువాత పెండ్లి చేసుకొనినయెడల ఆ వీలునామా రద్దగును, మరల వ్రాసుకొనవలెను. బంధువులున్న క్రైస్తవుడు ధర్మకార్యములకు ఆస్తి వ్రాయుటకు అడ్డుగానుండిన 118వ సెక్షనును సుప్రీంకోర్టు 2003లో కొట్టివేసినది.

ఇక ట్రస్టు సంగతి. వారసుడు బాలుడైయుండగా తండ్రి నిర్ణయించిన దినము వరకు సంరక్షకుల చేతిక్రింద ఉండునని పౌలు గలతీయులకు వ్రాసిన ఉపమానము మనమెరిగినదే. ట్రస్టు తీరు దాదాపు అదే. ఆస్తి ట్రస్టీ చేతికి వచ్చును గాని ఫలము లబ్ధిదారుదే. కుటుంబ ట్రస్టులకు 1882 నాటి ట్రస్టుల చట్టము ఆధారము. దానిని వీలునామాలోనే ఏర్పరచవచ్చును; అది మన మరణము తరువాత అమలులోనికి వచ్చును, అంతవరకు మార్చుకొనవచ్చును. లేక బ్రదికియుండగానే చేయవచ్చును. స్థిరాస్తియైనచో దస్తావేజు రిజిస్టరు కావలెను, స్టాంపు ఖర్చుండును. రద్దుచేయు అధికారమును దస్తావేజులో స్పష్టముగా ఉంచుకొననియెడల దానిని వెనుకకు తీసుకొనుట కష్టము.

ఇది అందరికి అవసరమా? కాదు. పిల్లలు ప్రయోజకులైన ఇంటికి సాదా వీలునామా చాలును. కాని బుద్ధిమాంద్యముగల బిడ్డను కన్న తలిదండ్రుల సంగతి ఆలోచించుడి. “మా తరువాత దీనిని ఎవరు చూచెదరు?” అన్న ప్రశ్న వారిని రాత్రులు నిద్రపోనీయదు. సాధారణముగా వారు చేయునదేమనగా, ఇల్లు పెద్దకొడుకు పేర వ్రాసి, చెల్లెలిని చూచుకొమ్మని నోటిమాటగా చెప్పుదురు. అన్న మంచివాడే కావచ్చును. కాని అతడు అప్పులపాలైనచో ఆ ఇల్లు అతని అప్పులకు పోవును. అతడు ముందుగా మరణించినచో అది అతని భార్యాపిల్లలకు పోవును. ట్రస్టులో పెట్టిన ఇల్లు ట్రస్టీ సొంత అప్పులకు పోదు, అతని వారసులకు చెందదు.

కనుక దస్తావేజులో ఈ సంగతులు విడమరచి వ్రాయవలెను. ఆ బిడ్డ తిండికి, మందులకు, కనిపెట్టుకొని ఉండు మనిషికి సొమ్ము ఎట్లు ఇవ్వవలెను? ఆమె బ్రదికియున్నంతకాలము ఇల్లు అమ్మవచ్చునా? ట్రస్టీ పోయినచో ఆ స్థానములో ఎవరు? లెక్కలు ఎవరికి చూపవలెను? ఆమె తరువాత మిగిలినది ఎవరికి? బిడ్డకు యుక్తవయస్సు వచ్చినను సంరక్షకుడు అవసరమైనచో, 1999 నాటి నేషనల్ ట్రస్టు చట్టము క్రింద స్థానిక కమిటీకి దరఖాస్తు పెట్టుకొనవచ్చును. మస్తిష్క పక్షవాతము, ఆటిజము గలవారికి కూడ ఈ చట్టము వర్తించును.

ట్రస్టీలుగా ఇద్దరినైనను నియమించుడి. వారిలో ఒకరు మనకంటె చిన్నవారైయుండవలెను. సంఘములో పెద్దపేరున్నవాడని గాక, లెక్క వ్రాయు అలవాటున్నవాడని చూచి ఎంచుకొనుడి. సంఘమునకు ఏమైన ఇయ్యదలచినయెడల అది వేరుగా వ్రాయుడి. పాస్టరుగారి పేర కాదు, సంఘ ఆస్తులను చట్టరీత్యా వహించు సంస్థ పేర వ్రాయవలెను. దక్షిణ ఇండియా సంఘములో ఇందుకొరకు 1947లో చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా ట్రస్ట్ అసోసియేషన్ ఏర్పడినది.

ప్రియులారా, దస్తావేజు ప్రేమకు బదులు కాదు. మనము లేని దినమున మన ప్రేమ నిలుచుటకు అది ఒక గట్టు వంటిది. ఈ వారమే భార్యాభర్తలు కలిసి కూర్చుండి, ప్రార్థించి, ఉన్నది ఎంత, కావలసినది ఎవరికి అని ఒక కాగితము మీద వ్రాసికొనుడి. దానిని తీసికొని నమ్మకమైన వకీలు నొద్దకు వెళ్లుడి. మన గృహములను చక్కబెట్టుకొనుటకు దేవుడు మనకు జ్ఞానము దయచేయును గాక. ఆమేన్.