మధ్యాహ్నం గంట
(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



"ఉపాధ్యాయుడిగా నా అనుభవాలు" అనే విషయం మీద పదిహేను నిమిషాలు మాట్లాడమన్నారు. ముప్పై ఏళ్లకు పైగా చిన్న బడుల్లో పనిచేసినవాణ్ణి. పాఠాల గురించి నాకన్నా బాగా చెప్పగలిగిన గురువులు ఇక్కడే ఉన్నారు. అందుకని నేను అన్నం గురించి మాట్లాడతాను. పన్నెండు దాటింది, మనందరికీ ఆకలిగానే ఉంది కాబట్టి ఇది తగిన సమయమే.

మనలో చాలామంది చుట్టుపక్కల పల్లెల నుంచి నడిచి యర్రగొండపాలెం వచ్చి చదువుకున్నవాళ్లం. పొద్దున సద్ది తాగి బయలుదేరితే మళ్లీ సాయంత్రం జొన్న సంగటే. మధ్యాహ్నం గంట కొట్టగానే క్యారియర్ ఉన్నవాళ్లు చెట్టు కిందికి, లేనివాళ్లు కుళాయి దగ్గరికి పోయేవాళ్లం. ఎవరు ఎటు పోతున్నారో అందరికీ తెలుసు, ఎవరూ అడిగేవాళ్లు కాదు. చిన్న బడిలో మాత్రం కొన్నాళ్లు పసుపుపచ్చ ఉప్మా పెట్టారు. అమెరికా నుంచి కేర్ సంస్థ ద్వారా వచ్చిన రవ్వ, నూనెతో 1960ల నుంచి మన రాష్ట్రంలో చాలా బడుల్లో అది నడిచింది. ఆ వాసన ఇప్పటికీ ముక్కుకు తగులుతుందని చెప్పే మిత్రులు ఈ సభలోనే ఉన్నారు.

ఇప్పుడు నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. 1990ల చివరిలో నల్లమల అంచున ఒక ఏకోపాధ్యాయ పాఠశాలలో పనిచేస్తున్నాను. ఒక సోమవారం ఉదయం ఎక్కాలు చెప్పిస్తుంటే మూడో తరగతి పిల్లవాడు తూగుతున్నాడు. రెండుసార్లు పిలిచాను. మూడోసారి బెత్తంతో ఒకటి వేసి నిలబెట్టాను. కాసేపటికి వాడు కూలబడ్డాడు. నీళ్లు చల్లుతుంటే పక్కింటామె పరుగున వచ్చింది. "నిన్నటి నుంచి ఏం తినలేదు సార్. వాళ్లమ్మోళ్లు మిరపకాయల కోతలకు గుంటూరు దిక్కు పోయినారు. ముసలామె ఒక్కతే ఉంది, ఆమెకు జొరం" అంది.

ఆకలితో ఉన్న పిల్లవాణ్ణి సోమరి అనుకుని కొట్టాను. వాడు ఐదో తరగతితో బడి మానేశాడు. తర్వాత ఎటు పోయాడో నాకు తెలియదు.

అప్పటికి పథకం లేక కాదు. 1995 ఆగస్టు 15న కేంద్రం ప్రారంభించిన పథకం కింద 80 శాతం హాజరున్న పిల్లవాడికి నెలకు 3 కిలోల బియ్యం ఇచ్చేవాళ్లం. వాడి పేరున ఉన్న బియ్యానికి నేనే సంతకం పెట్టాను. ఆ బియ్యం ఇంటికి పోతే ఇంట్లో ఆరుగురూ తిన్నారు. తినకుండా ఎలా ఉంటారు? బియ్యం ఇవ్వడం వేరు, పిల్లవాడి కంచంలో అన్నం పెట్టడం వేరని నాకు ఆరోజు అర్థమైంది.

ఆ తర్వాతే పోషకాహారం గురించి చదవడం మొదలుపెట్టాను. హైదరాబాద్ తార్నాక దగ్గరున్న జాతీయ పోషకాహార సంస్థ పుస్తకాలు తెప్పించుకున్నాను. వాటిలో పదేపదే కనిపించిన పేరు డాక్టర్ సి. గోపాలన్. ఈ సభలో ఆయన్ను తలచుకోవాలి. మన పిల్లల కంచం వెనక ఆయన జీవితకాలపు శ్రమ ఉంది.

గోపాలన్ 1918లో సేలంలో పుట్టారు. మద్రాసులో వైద్యం, లండన్‌లో పరిశోధన చదివి కూనూరులోని పోషకాహార పరిశోధనశాలలో చేరారు. ఆ పరిశోధనశాలకు బెరిబెరి వ్యాధి మీద విచారణ కోసం మెకారిసన్ అనే వైద్యుడు పునాది వేసింది కూడా 1918లోనే. అది 1958లో హైదరాబాద్‌కు తరలివచ్చింది. 1961 నుంచి 1974 దాకా గోపాలన్ దానికి డైరెక్టరు. 2019లో, నూరేళ్లు నిండాక, కన్నుమూశారు.

ఆయన పనిలో మనకు దగ్గరగా ఉన్న మూడు విషయాలు చెబుతాను.

మొదటిది జొన్న. దక్కన్‌లో జొన్నే ప్రధానంగా తినే పేదల్లో పెల్లాగ్రా అనే జబ్బు కనిపించేది. ఎండ తగిలే మెడ, చేతుల మీద చర్మం నల్లబారి పొలుసులు లేచేది. అది మొక్కజొన్న తినేవాళ్ల జబ్బని ప్రపంచం అనుకుంటుండగా, జొన్నలో లూసిన్ అనే అమైనో ఆమ్లం ఎక్కువగా ఉండటం కారణం కావచ్చని గోపాలన్, శ్రీకాంతయ్య 1960లో ప్రతిపాదించారు. జొన్న చెడ్డదని దీని అర్థం కాదు. మన తాతలు జొన్న సంగటితో పాటు పప్పు, ఆకుకూర, మజ్జిగ ఉన్నప్పుడు గట్టిగానే బతికారు. అవన్నీ తీసేసి ఒక్క గింజ మీదే బతకమంటే ఏ గింజా చాలదు. ఇవాళ ఒట్టి తెల్లన్నం తినే ఇంటికీ ఇదే మాట వర్తిస్తుంది.

రెండోది కన్ను. విటమిన్ ఎ లోపంతో పిల్లలకు ముందు రేచీకటి వస్తుంది. ముదిరితే నల్లగుడ్డు మెత్తబడి చూపు శాశ్వతంగా పోతుంది. పెద్ద మోతాదులో విటమిన్ ఎ నోట్లో పోస్తే చూపు కాపాడవచ్చని ఈ సంస్థ పల్లెల్లో పరీక్షించి చూపింది. 1970లో అది జాతీయ కార్యక్రమమైంది. అంగన్‌వాడీలో చెంచాతో పోసే ఆ పసుపు మందు కథ అదే. మన పెరట్లో మునగాకు, తోటకూర, బొప్పాయి చేసే పనీ అదే.

మూడోది అన్నింటికన్నా పెద్దది. అప్పట్లో విదేశీ నిపుణులు పేద దేశాల పిల్లలకు మాంసకృత్తుల కొరత ఉందని, ప్రత్యేకమైన ప్రొటీన్ పొడులు కావాలని చెప్పేవారు. గోపాలన్ బృందం పల్లె పిల్లల తిండిని తూచి చూసింది. వాళ్లు తినే తిండే కడుపునిండా దొరికితే ప్రొటీన్ కొరత చాలావరకు తీరుతుందని, అసలు కొరత తిండి పరిమాణంలోనే ఉందని తేల్చింది. డబ్బా పొడి అక్కర్లేదు, కడుపునిండా అన్నం పప్పు పెట్టండి అన్నమాట. ఇంత మామూలు మాట చెప్పడానికి ఆయన పెద్దపెద్దవాళ్లతో వాదించాల్సి వచ్చింది.

1980లలో ఇంకొక వాదం వచ్చింది. పేద పిల్లలు పొట్టిగా ఉన్నా ఆరోగ్యంగానే ఉన్నారు, అది వాళ్ల శరీరం చేసుకున్న సర్దుబాటు అని. గోపాలన్ దాన్ని గట్టిగా ఖండించారు. బాగా తినే ఇళ్లలో పెరిగిన మన దేశపు పిల్లలు ఏ దేశపు పిల్లలకూ తీసిపోకుండా ఎదుగుతుంటే, పేదవాడి పిల్లవాడికి మాత్రం పొట్టితనం చాలని ఎలా అంటామన్నది ఆయన వాదన. మన పల్లెల్లో "వాడి వాటమే అంత" అని అంటుంటాం. నేనూ అన్నాను. ఇప్పుడు అనను.

ఇక బడి భోజనానికి వస్తాను. మద్రాసు రాష్ట్రంలో కామరాజ్ 1956లో మధ్యాహ్న భోజనం మొదలుపెట్టారు. ఎం.జి.ఆర్. 1982లో దాన్ని బాగా విస్తరించారు. 2001 నవంబరు 28న సుప్రీంకోర్టు ప్రతి ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలో వండిన భోజనం పెట్టాలని ఆదేశించింది. మన రాష్ట్రంలో 2003 జనవరిలో మొదలైంది. 2008లో 9, 10 తరగతులకూ వచ్చింది.

ఆ జనవరిలో నేను వేరే ఊళ్లో ప్రధానోపాధ్యాయుణ్ణి. మూడు రాళ్ల పొయ్యి, అప్పు తెచ్చిన గిన్నెలు, చెట్టు కింద వంట. వంటమ్మ కులం చూసి నలుగురైదుగురు తల్లిదండ్రులు తమ పిల్లలు ఇక్కడ తినరన్నారు. నేను ఉపన్యాసం ఇవ్వలేదు. రోజూ పిల్లల వరుసలో మొదట నేనే కూర్చుని ఆమె చేతి అన్నం తిన్నాను. ఒకరోజు ఇంటి నుంచి క్యారియర్ తెచ్చుకున్న పిల్ల "సార్, నాకూ కొంచెం పప్పు పెట్టమని చెప్పండి" అంది. నెల తిరిగేసరికి క్యారియర్లు రావడం మానేశాయి.

పప్పు, నూనె బిల్లులు నెలల తరబడి రాకపోతే ఆ వంటమ్మే కొట్లో అప్పు పెట్టి పొయ్యి వెలిగించింది. ఇవాళ ఈ వేదిక మీద సన్మానాలు జరిగాయి. ఆమెలాంటివాళ్లకు ఎక్కడా శాలువా కప్పలేదు. కేంద్రం 2009లో నిర్ణయించిన గౌరవ వేతనం నెలకు 1,000 రూపాయలు. మన రాష్ట్రంలో అది 3,000 అయింది 2019లో.

ఐదో తరగతికి లెక్కలు నేను కంచం మీదే చెప్పేవాణ్ణి. ప్రాథమిక తరగతి పిల్లవాడికి 100 గ్రాముల బియ్యం, 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయలు, 5 గ్రాముల నూనె. గోపాలన్ తన సహచరులతో కలిసి తెచ్చిన ఆహార విలువల పట్టికల ప్రకారం 100 గ్రాముల బియ్యంలో 345 కేలరీలు, కందిపప్పులో 335. బియ్యానికి 345, పప్పుకు 67, నూనెకు 45. కూడండి, 457. ప్రభుత్వం నిర్ణయించింది 450. మాంసకృత్తులు 12 గ్రాములు. గరిటెడు పప్పు పలచనైతే ఆ లెక్క తప్పుతుంది. పప్పు గరిటె నిండుగా ఉందో లేదో చూడటం కూడా బోధనలో భాగమేనని నా నమ్మకం.

తర్వాత గుడ్డు వచ్చింది, చిక్కీ వచ్చింది, 2023లో రాగి జావ వచ్చింది. ప్రభుత్వాలు మారినప్పుడల్లా పథకం పేరు మారింది. 2024 నుంచి గోదావరి లంకల్లో ఆకలన్నవారికల్లా అన్నం పెట్టిన డొక్కా సీతమ్మగారి పేరు పెట్టారు. పిల్లలకు పేరుతో పనిలేదు. శనివారం మధ్యాహ్నం మాత్రం ఒక ప్రశ్న అడిగేవాళ్లు: "రేపు ఆదివారం గదా సార్?" సోమవారం వరుస ఎప్పుడూ మిగతా రోజులకన్నా పొడుగ్గా ఉండేది. మారు అన్నం అడిగేవాళ్లు ఎక్కువ. అందుకే సోమవారం రెండు గ్లాసుల బియ్యం ఎక్కువ పోయమనేవాణ్ణి.

మిరప కోతల కాలంలో వరుస పలచబడేది. తల్లిదండ్రుల వెంట పిల్లలూ పోతారు. అక్కడ కల్లం దగ్గర వాళ్లకు బడీ లేదు, బడి అన్నమూ లేదు. అవ్వ దగ్గరో, వసతి కేంద్రంలోనో ఉంచి పొమ్మని ఇల్లిల్లూ తిరిగేవాణ్ణి. "మధ్యాహ్నం తిండికి బాధ లేదు గదా" అన్న ఒక్క మాటతో కొందరు తల్లులు ఒప్పుకున్నారు. నేను చెప్పిన చదువు గొప్పతనానికి ఒప్పుకున్నవాళ్లు తక్కువ.

మిత్రులారా, స్వర్ణోత్సవ నిధితో మన బడి ముందు స్వాగత తోరణం కట్టాలని సంఘం ఆలోచిస్తోందని విన్నాను. మంచి ఆలోచనే, కట్టినవారి పేర్లు నిలుస్తాయి. అయినా ఒక మనవి. ఈ ఉదయం సభకు ముందు బడి వెనక్కి వెళ్లి చూశాను. పిల్లలు ఇప్పటికీ వేపచెట్టు కింద, ఒళ్లో కంచాలు పెట్టుకుని తింటున్నారు. గాలి వస్తే దుమ్ము, వాన వస్తే వరండాలో తోపులాట. ముందు వాళ్లకొక భోజనశాల కడదాం. చేతులు కడుక్కోవడానికి కుళాయిల వరుస పెడదాం. మన పడమటి నేలలో ఫ్లోరైడ్ సంగతి మన పళ్ల మీద మచ్చలే చెబుతాయి, కాబట్టి శుద్ధి చేసిన తాగునీరూ కావాలి. పక్కన నాలుగు మునగచెట్లు, ఒక కరివేపాకు చెట్టు నాటుదాం. ఏటా మనం కలుసుకునే రోజున హోటలు భోజనం మానేసి పిల్లల వరుసలోనే కూర్చుని తిందాం. పప్పు పలచగా ఉంటే ఆరోజే తెలుస్తుంది.

నా వంతు చందా తోరణం కోసం రాసి ఇచ్చాను. దాన్ని భోజనశాల కింద మార్చి రాసుకోమని కోశాధికారిగారిని కోరుతున్నాను. మిగతావారు ఆలోచించండి.

అదిగో, గంట కొట్టారు. పిల్లలు లేస్తున్నారు, ఇక నేను ఆపాలి. సెలవు.