పసిబిడ్డల చెవులలో నీరు

విద్యానిధి లెక్కలు వినిన పిమ్మట చెవుల సంగతి యెత్తుట కొందఱికి వింతగా తోపవచ్చును. కాని చిన్న తరగతులలో వెనుకబడిరని మనము విచారించు బిడ్డలలో కొందఱికి కొఱవడినది బుద్ధి కాదు, వినికిడి.

మా మనుమడు నాలుగేండ్లవాడు. వెనుకనుండి పిలిచిన పలుకడు. ఎదుట నిలిచి పిలిచిన పలుకును. పెంకితనమని మేమే యొకమాఱు చేయి చేసికొంటిమి. రెండు కర్ణభేరుల వెనుకను నీరు నిలిచియున్నదని చెవివైద్యులు చెప్పిననాడు మేము పడిన సిగ్గు ఇంతంత కాదు.

కర్ణభేరి వెనుక చిన్న గది యున్నది. ముక్కు వెనుకభాగమునుండి దానికి గాలి చేర్చు సన్నని నాళ మొకటి కలదు. పెద్దలలో నది వాలుగా నుండును. పసివారిలో పొట్టిగా, ఇంచుమించు అడ్డముగా నుండును. పడిసెము పట్టినప్పుడును, ముక్కు వెనుకనుండు కండ పెరిగినప్పుడును అది సరిగా తెఱచుకొనదు. గాలి యందక గదిలో నీరూరును. ఒక్కొక్కప్పుడు జిగురువలె చిక్కబడును. సాధారణముగా జ్వర ముండదు, తీవ్రమైన నొప్పి యుండదు, చీము కాఱదు. అందుచేతనే తల్లియు కనిపెట్టజాలదు. ఇంటిలోని పొగయు దీనికి తోడగును; చుట్టలు కాల్చు పెద్దలు మమ్ము క్షమింతురుగాక.

వెల్లుల్లి కాచిన నూనె చెవిలో పోయు వాడుక మన యిండ్లలో నింకను పోలేదు. నీరున్నది భేరికి లోపల. నూనె నిలుచునది వెలుపల. భేరికి చిల్లియున్నచో మఱింత కీడు. పిన్నీసుల మాట చెప్పనే యక్కఱలేదు. పడిసెపు మందులవలనను ఈ నీరు తీయదు.

పెక్కుమందికి 3 మాసములలో నిది తనంతట నింకిపోవును. కావున వైద్యులు అంతవఱకు వేచి, మరల వినికిడి పరీక్షింతురు. అప్పటికిని రెండు చెవులును మందగించియున్నచో భేరిలో సన్నని గొట్ట మమర్చుటయు కలదు. అమెరికా వైద్యుడు ఆర్మ్‌స్ట్రాంగు 1954లో ప్రకటించిన పద్ధతి యిది. ఏడాది యటునిటుగా గొట్టము తనంతట నూడిపడును. అంగిలి చీలి పుట్టిన బిడ్డలను మాత్రము మొదటినుండియు వైద్యునికి చూపుచుండవలెను.

వేచియుండు దినములలో బిడ్డకు ముఖ మెదురుగా నిలిచి మాటాడవలెను. బడిలో ముందు వరుసను కూర్చుండబెట్టవలెను. మందబుద్ధి యని వ్రాయుటకు ముందు వినికిడి పరీక్షకు పంపుడని మన ఉపాధ్యాయులకు మా మనవి.

మా మనుమనికి గొట్ట మక్కఱలేకపోయెను. నాలుగవ మాసమున నొక సాయంకాలము వెనుకనుండి మెల్లగా పిలువగా వాడు తిరిగి చూచెను.