పసికందు ఊపిరి – మందు వేళ

పంచాయతీ సభ్యులారా,

పురిటి బిడ్డకు డొక్కలెగురుచున్నవనగానే వాతలు పెట్టుటయు, పురుడు వెళ్ళువరకు గడప దాటనీయకుండుటయు ఇంకను అక్కడక్కడ కలదు. ఆ జాప్యములో బిడ్డ లోపల జరుగునదేమో మనవి చేయుదుము.

ఊపిరితిత్తులలో ఆవగింజకన్న మిక్కిలి చిన్నవగు గాలితిత్తులు గలవు. వాని గోడలలోని కొన్ని కణములు ఒక పలుచని పూతను ఊరించును. ఆ పూత యున్నందుననే తిత్తులు ముడుచుకొనిపోక విచ్చుకొనియుండును. న్యుమోనియా క్రిములును, వానితో పోరాడుటలో పుట్టు వాపును ఈ కణములను చెరచును. పూత తరిగినకొలది బిడ్డ ఎగశ్వాస పెట్టును. జెంటామైసిన్, అమాక్సిసిలిన్ వంటి మందులు క్రిములను చంపునే గాని చెడిన కణమును మరల నిలుపలేవు. కణములకే నేరుగా రక్షణ కల్పించు మందులకై పరిశోధనలు సాగుచున్నవి. అందాక, ఉన్న మందును వేళకు పడనిచ్చుటయే కణములను కాచుట.

బిడ్డ ఏడ్వక యున్నపుడు ఊపిరిని నిండు నిమిషము లెక్కింపవలెను. 60 గాని, అంతకు మించి గాని యున్నచో మరల లెక్కింపవలెను. రెండవమారును అట్లే యున్నను, డొక్కలు బాగుగా లోనికి పోవుచున్నను, పాలు త్రాగకున్నను ఆసుపత్రికి చేర్పవలసినదే. జ్వరము లేదని ఊరకుండరాదు. పసికందు ఒళ్ళు చల్లబడుటయు జబ్బు గురుతే. పెద్ద ఆసుపత్రికి పంపుటకు ముందు తొలి మోతాదును ఏ.ఎన్.ఎమ్. ఇచ్చుటకు 2014 నాటి కేంద్ర ప్రభుత్వ మార్గదర్శకములు అనుమతించినవి.

పురుడు పట్టింపును గూర్చి ఇంటి పెద్దమ్మలతో మాటలాడవలసినది మీరు. మా మాటకన్న మీ మాట అచ్చట చెల్లును. 108 బండి వచ్చుసరికి బిడ్డను తల్లి యొడిలో వెచ్చగా చుట్టియుంచుడు.